రెండు రోజులకోసారి ‘ఆఫ్‌లైన్’ అంటున్న వైఫై ప్రింటర్: ఇంట్లో అందరూ వాడుకునేలా స్థిరంగా అమర్చడం ఎలా?

సిరాచుక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం మేము వైఫై ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్ తెచ్చుకున్నాము. ప్రింటు, స్కాను, జిరాక్సు మూడూ అందులోనే ఉన్నాయి. వైరు తగిలించే పని లేకుండా ఎవరి గదిలోంచి వాళ్లు ప్రింటు ఇచ్చుకోవచ్చునన్న ఒక్క కారణంతోనే దీన్ని ఎంచుకున్నాము గాని, సరిగ్గా ఆ ఒక్క పనే ఇప్పటివరకు కుదురుగా సాగడం లేదు.

ముందుగా ఇంటి అమరిక చెబుతాను. రౌటర్ హాల్లో ఉంది. ప్రింటర్ పక్క గదిలో, నాన్నగారి బల్ల మీద ఉంది. నా ల్యాప్‌టాప్‌లోనూ చెల్లెలి ల్యాప్‌టాప్‌లోనూ విండోస్ 11 ఉంది. నేను కింద గదిలో కూర్చుంటాను, చెల్లెలి గది మేడ మీద. అమ్మది ఆండ్రాయిడ్ ఫోను, నాన్నగారిది ఐఫోను.

నా ల్యాప్‌టాప్‌లో ప్రింటర్‌ను కలిపిన రోజు అంతా చక్కగా పనిచేస్తుంది. ఒకటి రెండు రోజులు గడిచాక ప్రింటు ఇస్తే ‘ఆఫ్‌లైన్’ అని వస్తుంది. ఇచ్చిన పేజీలన్నీ వరుసలో నిలిచిపోతాయి. ప్రింటర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే ఇంకో రెండు రోజులు నడుస్తుంది. ఇలా ఇప్పటికి నాలుగు సార్లు చేశాను. ఇప్పుడు జాబితాలో అదే ప్రింటర్ మూడు పేర్లతో కనిపిస్తోంది. చెల్లెలి ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో ప్రింటర్ మొదటి రోజు నుంచీ కనిపించనే లేదు. అయితే అమ్మ ఫోను నుంచీ నాన్నగారి ఫోను నుంచీ మాత్రం ఎప్పుడు ఇచ్చినా ప్రింటు వస్తోంది. నాకు అర్థం కానిది ఇదే.

అవసరమవుతుందేమోనని ఇంకో రెండు విషయాలు. రాత్రి పడుకునే ముందు రౌటర్ స్విచ్ ఆపేసి, పొద్దున మళ్లీ వేస్తాము. మా వైఫైకి మొదట ‘మన ఇల్లు’ అని తెలుగు లిపిలోనే పేరు పెట్టుకున్నాము. ప్రింటర్ చిన్న తెరలో ఆ పేరు బదులు ప్రశ్నార్థకాలూ డబ్బాలూ కనిపించాయి, ఎంచుకున్నా కలవలేదు. ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చిన తరువాతే కలిసింది. దయచేసి దారి చూపగలరు.

మూడోగది:

సిరాచుక్క గారూ, మా ఇంట్లోనూ మొదట్లో ఇలాగే జరిగింది. ఇంట్లో వాడే ప్రింటర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది, 5 గిగాహెర్ట్జ్ అందదు. మీ ల్యాప్‌టాప్‌లు 5 మీద ఉండి ఉంటాయి. రెండిటినీ 2.4 మీదకు మార్చి, రౌటర్‌నూ ప్రింటర్‌నూ ఒకసారి ఆపి, మళ్లీ వేసి చూడండి. నేను అలా చేశాకే నాకు ప్రింటు వచ్చింది.

రాగితీగ:

మూడోగది గారు చెప్పిన మొదటి మాట నిజమే. కాని ల్యాప్‌టాప్‌ను కూడా 2.4 మీదకు తేవలసిన అవసరం లేదు. ఒకే రౌటర్ ఇచ్చే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే నెట్‌వర్క్‌కు ఉన్న రెండు ద్వారాల వంటివి. ప్రింటర్ ఒక ద్వారం నుంచి, ల్యాప్‌టాప్ మరొక ద్వారం నుంచి లోపలికి వచ్చినా లోపల ఒకరికొకరు అందుబాటులోనే ఉంటారు. ఈ సూత్రం తప్పే సందర్భాలు రెండున్నాయి. ల్యాప్‌టాప్ అతిథుల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉండటం ఒకటి. రౌటర్‌లో ‘ఏపీ ఐసొలేషన్’ లేదా ‘క్లయింట్ ఐసొలేషన్’ అనే అమరిక ఆన్‌లో ఉండటం రెండోది. ఆ అమరిక ఉంటే ప్రతి పరికరానికీ ఇంటర్‌నెట్ అందుతుంది గాని, ఒక పరికరం మరొకదానితో మాట్లాడలేదు. మూడోగది గారూ, మీకు ఆ రోజు పని జరిగింది రౌటర్‌నూ ప్రింటర్‌నూ ఆపి, మళ్లీ వేయడం వల్లనే అయి ఉంటుందని నా ఉద్దేశం. ఎందుకో కింద చెబుతాను.

సిరాచుక్క గారూ, మీ ప్రశ్నలో అసలు ఆధారం మీరు అర్థం కాలేదన్న చోటనే ఉంది. ఫోన్ల నుంచి ప్రింటు వస్తోందంటే ప్రింటర్ బాగుంది, వైఫైతో దాని సంబంధం బాగుంది, రౌటర్ పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనిస్తోంది. ఇక మిగిలింది మీ ల్యాప్‌టాప్ దగ్గర లోపమేదో వెతకడమే. కాబట్టి ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ను అయిదోసారి తీసి ఎక్కించవలసిన పని లేదు.

ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ తేడా ఎక్కడుందంటే, ప్రింటర్‌ను వెతికే తీరులో ఉంది. ఐఫోన్లలో 2010 నవంబరులో ఐఓఎస్ 4.2తో వచ్చిన ఎయిర్‌ప్రింట్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 8వ వెర్షన్ నుంచి, మోప్రియా కూటమి (కానన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కలిసి 2013లో పెట్టుకున్నది) తయారుచేసిన పద్ధతి లోపలే అమర్చి వస్తోంది. ఈ రెండూ ప్రింటు ఇచ్చే ప్రతిసారీ ‘ఇక్కడ ప్రింటర్ ఏదైనా ఉందా?’ అని నెట్‌వర్క్ మొత్తానికి వినిపించేలా అడుగుతాయి. ప్రింటర్ ‘నేనున్నాను, ఇప్పుడు నా చిరునామా ఇది’ అని బదులు చెబుతుంది. ఫోను ఆ క్షణంలో విన్న చిరునామాకే పేజీని పంపుతుంది.

ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కించినప్పుడు చాలాసార్లు అది ఆ రోజు ప్రింటర్‌కున్న ఐపీ చిరునామాను (నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని గుర్తించే సంఖ్యల వరుసను) రాసిపెట్టుకుని, ఇక ఎప్పటికీ దానికే పంపుతూ ఉంటుంది. ఆ చిరునామా ప్రింటర్ సొంతం కాదు. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు దాన్ని కొంత గడువుకు అప్పుగా ఇస్తుంది. ఇళ్లలో వాడే రౌటర్లలో చాలా వాటికి, విద్యుత్తు ఆగిపోతే ఎవరికి ఏ చిరునామా ఇచ్చిందో ఆ పట్టీ చెరిగిపోతుంది. పొద్దున రౌటర్ వేయగానే ఏ పరికరం ముందు వచ్చి అడిగితే దానికి ఖాళీగా ఉన్నది ఇస్తుంది. మీ ఇంట్లో ప్రతి రాత్రీ ఆపుతున్నారు కాబట్టి, ఒక రోజు కాకపోతే ఇంకో రోజు ప్రింటర్ చిరునామా మారక తప్పదు. మీ ల్యాప్‌టాప్ మాత్రం ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటి తలుపే తడుతూ, ఎవరూ పలకకపోయేసరికి ‘ఆఫ్‌లైన్’ అని చెబుతోంది.

ఇది ఊహగా మిగలకూడదు కనుక మూడు చోట్ల చూసి ఇక్కడ రాయండి. మొదటిది, ప్రింటర్ నుంచే నెట్‌వర్క్ వివరాల పేజీని ప్రింటు తీయండి. తెర ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్ కింద నెట్‌వర్క్ లేదా రిపోర్ట్స్ అన్న చోట ఇది ఉంటుంది. ఆ కాగితం మీద ఐపీ చిరునామా అన్న వరుసలో ఉన్న నాలుగు సంఖ్యలు కావాలి. అది 169.254తో మొదలైతే మాత్రం అక్కడే ఆగండి. రౌటర్ నుంచి చిరునామా అందక ప్రింటర్ తనంతట తాను పెట్టుకున్నదని అర్థం. రెండోది, మీ ల్యాప్‌టాప్‌లో ఆ ప్రింటర్ తాలూకు ‘ప్రింటర్ ప్రాపర్టీస్’ తెరిచి ‘పోర్ట్స్’ అన్న పేజీలో టిక్కు పెట్టి ఉన్న వరుసను చూడండి. అక్కడ ఏ చిరునామా ఉందో, లేక ‘డబ్ల్యూఎస్‌డీ’ (విండోస్ తానే ప్రింటర్‌ను వెతికి కలుపుకునే పద్ధతి) అని ఉందో కావాలి. మూడోది, మీ ల్యాప్‌టాప్‌లోనూ చెల్లెలి ల్యాప్‌టాప్‌లోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్’ (ipconfig) ఇస్తే వచ్చే ఐపీవీ4 చిరునామా (ల్యాప్‌టాప్ ఐపీ చిరునామా), డిఫాల్ట్ గేట్‌వే (ల్యాప్‌టాప్ కలిసిన రౌటర్ చిరునామా) రెండూ రాసుకోండి. చెల్లెలి ల్యాప్‌టాప్ కథ వేరే అయి ఉంటుందని నా అనుమానం; ఆ అంకెలు చూస్తే తేలుతుంది.

తెలుగు పేరు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వైఫై పేరుకు గరిష్ఠ పరిమితి 32 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘మన ఇల్లు’ అన్న చిన్న పేరుకే 22 బైట్లు అవుతాయి. అంటే పరిమితికి లోబడే ఉంది, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ చక్కగా చూపిస్తాయి. ప్రింటర్ తెరల్లో ఉండే చిన్నపాటి సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తెలుగు లిపి తెలియదు. మన లిపిలో పేరు పెట్టుకోవాలన్న మీ కోరిక నాకు ఎంతో నచ్చింది. ప్రింటర్ ఉన్న నెట్‌వర్క్‌కు మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్న పేరే వాడవలసి వస్తుంది.

సిరాచుక్క:

రాగితీగ గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పిన మూడూ చూశాను. ప్రింటర్ కాగితం మీద 192.168.1.14 అని ఉంది. నా ల్యాప్‌టాప్‌లో పోర్టు దగ్గర 192.168.1.9 అని ఉంది. ఆ 9 ఎవరిదా అని రౌటర్ పేజీలో చూస్తే, ఇప్పుడది అమ్మ ఫోనుకు ఇచ్చి ఉంది. అంటే రెండు రోజులుగా నేను ఇచ్చిన ప్రింట్లన్నీ అమ్మ ఫోను తలుపు తట్టాయన్నమాట. మీరు చెప్పింది అక్షరాలా కళ్లముందు కనిపించింది.

నా ల్యాప్‌టాప్ చిరునామా 192.168.1.6, గేట్‌వే 192.168.1.1. చెల్లెలిది 192.168.0.103, గేట్‌వే 192.168.0.1. మేడ మీద వైఫై సరిగా అందడం లేదని మా పాత రౌటర్‌ను అక్కడ పెట్టి, హాల్లోని రౌటర్ నుంచి దానికి ఒక కేబుల్ లాగాము. ఈ సంగతి మొదటే చెప్పవలసింది, మరచిపోయాను. వింత ఏమిటంటే, చెల్లెలి ల్యాప్‌టాప్ నుంచి 192.168.1.14కు పింగ్ (ఆ చిరునామాలో ఎవరైనా పలుకుతారా అని పంపే చిన్న పలకరింపు) ఇస్తే జవాబు వస్తోంది. ప్రింటర్ జాబితాలో మాత్రం కనిపించదు. జవాబు వస్తూ కూడా ఎందుకు కనిపించదు?

రాగితీగ:

అంకెలు చూశాక రెండు సమస్యలూ విడిపోయాయి. ముందు మీ ల్యాప్‌టాప్ సంగతి చూద్దాము.

ప్రింటర్‌కు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయించాలి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ విభాగంలో ‘అడ్రస్ రిజర్వేషన్’ లేదా ‘స్టాటిక్ లీజ్’ అన్న పేరుతో ఇది ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ చిరునామా (తయారీలోనే పరికరానికి పెట్టిన గుర్తు), దానికి ఇవ్వదలచిన ఐపీ చిరునామా రెండూ అక్కడ నమోదు చేస్తే, ఇక ఎన్నిసార్లు ఆపి వేసినా రౌటర్ ఆ చిరునామాను ప్రింటర్‌కే ఇస్తుంది, వేరెవరికీ ఇవ్వదు. మ్యాక్ చిరునామా ఆ వివరాల కాగితం మీదే ఉంటుంది: రెండేసి చొప్పున ఆరు జతలుగా, మొత్తం పన్నెండు అంకెలూ అక్షరాలూ. 192.168.1.200 వంటి గుర్తుండే సంఖ్య ఎంచుకోండి. నమోదు చేశాక ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపి, మళ్లీ వేయండి, అప్పుడది కొత్త చిరునామా అడిగి తెచ్చుకుంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపకండి. బటన్‌తో ఆపితే ఇంక్‌జెట్ ప్రింటర్ ప్రింట్‌హెడ్‌ను (సిరా చిమ్మే భాగాన్ని) దాని మూత కిందకు చేర్చుకున్నాకే ఆగుతుంది. ఒక్కసారిగా కరెంటు తీస్తే హెడ్డు మూత లేకుండా ఉండిపోయి సిరా ఎండిపోవచ్చు.

తరువాత ల్యాప్‌టాప్‌లో ‘పోర్ట్స్’ పేజీలోనే ‘యాడ్ పోర్ట్’ నొక్కి, ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని, కొత్త చిరునామా ఇవ్వండి. డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పంపే చోటు ఒక్కటే మారుతుంది. విండోస్ మామూలుగా 9100 అనే పోర్టు సంఖ్యను తానే తీసుకుంటుంది, ఇంటి ప్రింటర్లకు అదే సరిపోతుంది. నిలిచిపోయిన పాత పేజీలను వరుసలోంచి రద్దు చేయడం మరవకండి. రద్దు కాకుండా మొండికేస్తే, సర్వీసెస్‌లో ‘ప్రింట్ స్పూలర్’ను (పేజీలను వరుసలో ఉంచి పంపే ఏర్పాటును) ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 లోపల, స్పూల్ ఫోల్డర్‌లో ఉన్న ‘ప్రింటర్స్’ అనే ఫోల్డర్‌ను ఖాళీ చేసి, స్పూలర్‌ను మళ్లీ మొదలుపెట్టండి. లోపలి ఫైళ్లు మాత్రమే తీయండి, ఫోల్డర్‌ను తీయకండి.

ఇక చెల్లెలి సంగతి. మీ పాత రౌటర్‌కు కేబుల్‌ను ఇంటర్‌నెట్ వచ్చే చోట, అంటే ‘వాన్’ పోర్టులో పెట్టి ఉంటారు. అప్పుడది తన కింద మరో చిన్న నెట్‌వర్క్‌ను సృష్టించి, తన పరికరాలకు 192.168.0తో మొదలయ్యే చిరునామాలు తానే ఇస్తుంది. లోపలి నెట్‌వర్క్ నుంచి బయటి నెట్‌వర్క్‌కు నేరుగా ఒక చిరునామాకు పంపినది వెళుతుంది, దాని జవాబు తిరిగి వస్తుంది. ఇంటర్‌నెట్ కూడా అలాగే అందుతోంది కదా. అందుకే పింగ్‌కు జవాబు వచ్చింది. కాని ‘ఇక్కడ ప్రింటర్ ఉందా?’ అని అందరికీ వినిపించేలా అడిగే ప్రశ్న రౌటర్‌ను దాటి అవతలికి పోదు. మేడ మీద అడిగిన ప్రశ్న మేడ మీదే ఆగిపోతోంది, ప్రింటర్‌కు వినబడటమే లేదు. నాన్నగారు తన ఐఫోనుతో మేడ మీదకు వెళ్లి పాత రౌటర్ వైఫైకి కలిసి ప్రింటు ఇవ్వబోతే, ఆయనకు కూడా కనిపించదు. ఒకసారి చేసి చూడండి.

చిరునామాతో నేరుగా కలిపితే చెల్లెలికి ఇప్పుడున్న అమరికలోనే ప్రింటు వస్తుంది. అయినా నేను ఆ దారి చెప్పను. స్కానింగుకు మళ్లీ ఇబ్బంది పడతారు, రేపు ప్రింటర్‌ను మేడ మీదకు మార్చితే కింద ఎవరికీ అందదు. పాత రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్’ రీతిలోకి, అంటే తాను చిరునామాలు ఇవ్వకుండా వైఫైని మాత్రమే అందించేలా, మార్చడమే సరైన పని. ఆ మాట దాని సెట్టింగ్స్‌లో ఉంటే ఎంచుకుంటే చాలు. లేకపోతే చేత్తో చేయాలి: ముందు దాని సొంత చిరునామాను, హాల్లోని రౌటర్ ఇతరులకు పంచని 192.168.1.2 వంటిదానికి మార్చండి, డీహెచ్‌సీపీ ఆపేయండి, తరువాత కేబుల్‌ను వాన్ పోర్టు నుంచి తీసి మామూలు ‘లాన్’ పోర్టులో పెట్టండి. ఈ మూడింటిలో డీహెచ్‌సీపీ ఆపడం మరచిపోయి కేబుల్ మార్చితే, ఇంట్లో చిరునామాలు ఇచ్చేవారు ఇద్దరవుతారు. ఎవరికి ఎవరు ఏమిచ్చారో తెలియక ఇల్లంతా ఇంటర్‌నెట్ తడబడుతుంది. అందుకని కేబుల్‌ను చివరనే ముట్టుకోండి.

గడపదీపం:

రాగితీగ గారి మాటలకు కొంత చేరుస్తాను. కొన్ని రౌటర్లలో చిరునామా కేటాయించే సదుపాయం ఉండదు, లేదా ఇంటర్‌నెట్ ఇచ్చినవారు దాన్ని మనకు కనబడకుండా మూసి ఉంచుతారు. అలాంటప్పుడు ప్రింటర్ తెరలోనే చిరునామాను చేత్తో ఇవ్వవచ్చు. అక్కడ అడిగే సబ్‌నెట్ మాస్క్ (నెట్‌వర్క్ పరిధిని చెప్పే సంఖ్య) 255.255.255.0, గేట్‌వే మీ రౌటర్ చిరునామా. అయితే రౌటర్ తనంతట తాను పంచే సంఖ్యల పరిధికి బయట ఉన్న సంఖ్యనే ఇవ్వాలి. రౌటర్ 2 నుంచి 100 వరకు పంచుతుంటే 200 ఇవ్వవచ్చు, 50 ఇవ్వకూడదు. ఇస్తే ఏదో ఒక రోజు రౌటర్ అదే 50ని ఒక ఫోనుకు ఇస్తుంది, రెండూ పోట్లాడుకుంటాయి. వీలున్నచోట నేను కూడా రౌటర్‌లో కేటాయించడాన్నే ఇష్టపడతాను. రౌటర్ మారినప్పుడు చేత్తో ఇచ్చిన చిరునామా ప్రింటర్‌లో అలాగే ఉండిపోతుంది. అప్పటికి దాన్ని అక్కడ పెట్టామన్న సంగతే మరచిపోతాము.

చిరునామా సరిగా ఉన్నా, ప్రింటర్ మేలుకుని ఉన్నా విండోస్ ఒక్కోసారి ‘ఆఫ్‌లైన్’ అంటుంది. అప్పుడు ‘పోర్ట్స్’లోని ‘కాన్ఫిగర్ పోర్ట్’ తెరిచి ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ అన్నదాని టిక్కు తీయండి. ప్రింటర్ క్షేమసమాచారం అడగడానికి విండోస్ వాడే దారి అది. కొన్ని ఇంటి ప్రింటర్లు దానికి బదులివ్వవు, బదులు రాకపోతే ప్రింటర్ లేదని విండోస్ నిశ్చయించుకుంటుంది. అలాగే ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే రహస్య దారి) నడుస్తుంటే ఇంట్లోని ప్రింటర్ అందకపోవచ్చు. చాలా ఆఫీసులు భద్రత కోసం కావాలనే అలా పెడతాయి. వీపీఎన్ ఆపి ఒకసారి చూస్తే తెలిసిపోతుంది.

ముందు ముందు మీరు రౌటర్ మార్చితే భద్రత విభాగంలో ‘డబ్ల్యూపీఏ3 మాత్రమే’ అని పెట్టకండి. పాత ప్రింటర్లకు చాలా వరకు, దానికి ముందున్న వైఫై భద్రతా పద్ధతి అయిన డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా కలవవు. పాస్‌వర్డ్ తప్పేమోనని గంటలు గంటలు దానితోనే కుస్తీ పడినవారిని చూశాను.

ఇంకొక్క మాట, ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్నది. బయటి నుంచి కూడా ప్రింటు ఇచ్చుకోవచ్చునని కొందరు రౌటర్‌లో 9100 పోర్టును ఇంటర్‌నెట్‌కు తెరిచి పెడతారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ పోర్టుకు తాళం అంటూ ఏదీ లేదు, చిరునామా తెలిసిన ఎవరు ఏది పంపినా ప్రింటర్ అచ్చువేస్తుంది. ప్రింటర్ చిరునామాను బ్రౌజర్‌లో కొడితే దాని సొంత పేజీ తెరుచుకుంటుంది కదా, అక్కడ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఈ సందర్భంలోనే పెట్టేయండి. స్కాన్ చేసిన కాగితాలు, పంపిన మెయిల్ చిరునామాలు కొన్ని ప్రింటర్లలో నిలిచి ఉంటాయి.

మూడోగది:

రాగితీగ గారూ, మీ మాట సరైనదే. ఇప్పుడే నా ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ మీదకు తిరిగి మార్చి ప్రింటు ఇచ్చాను, వచ్చింది. నేను చెప్పిన సలహా వల్ల ఎవరూ అనవసరంగా ల్యాప్‌టాప్ వేగం తగ్గించుకోవద్దు. ఒక్క అనుమానం ఉంది. మా రౌటర్‌లో 2.4కూ 5కూ ఒకటే పేరు ఉంది. కొత్త ప్రింటర్‌ను కలిపేటప్పుడు ఫోనులోని యాప్ ‘నెట్‌వర్క్ సరిపోలలేదు’ అని ఆగిపోయింది. దానికేం చేయాలి?

రాగితీగ:

మొదటిసారి కలిపే ఆ అయిదు నిమిషాలు మాత్రమే ఆ చిక్కు ఉంటుంది. ఫోను 5 మీద ఉన్నప్పుడు కొన్ని కంపెనీల యాప్‌లు ఆ వివరాలనే ప్రింటర్‌కు అందించబోయి విఫలమవుతాయి. రౌటర్‌లో 5ను కాసేపు ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ వేయండి. ఒకసారి కలిశాక ప్రింటర్ పేరునూ పాస్‌వర్డ్‌నూ గుర్తుపెట్టుకుంటుంది, ఆ తరువాత ఫోను ఏ ద్వారంలో ఉన్నా ఒకటే. తెర ఉన్న ప్రింటర్ అయితే యాప్ జోలికే పోకుండా పాస్‌వర్డ్‌ను తెర మీదే కొట్టడం నాకు తేలిక అనిపిస్తుంది. పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ తేడా చూసుకుంటే చాలు.

సిరాచుక్క:

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అయిదు రోజులు ఆగి, నిజంగా నిలబడిందని చూసుకున్నాకే రాస్తున్నాను. ఈ అయిదు రాత్రులూ రౌటర్‌ను మామూలుగానే ఆపాము. నా ల్యాప్‌టాప్ నుంచి ఒక్కసారి కూడా ‘ఆఫ్‌లైన్’ అని రాలేదు.

నేను తడబడిన చోట్లు వేరెవరికైనా ఉపయోగపడవచ్చునని చెబుతున్నాను. వివరాల కాగితం మీద మ్యాక్ చిరునామాలు రెండున్నాయి, ఒకటి కేబుల్‌కు, ఒకటి వైఫైకి. నేను పైన కనబడిన మొదటిది ఎక్కించాను. అది కేబుల్‌ది. ప్రింటర్‌ను మూడుసార్లు ఆపి వేసినా 200 రాక, 14 దగ్గరే ఉండిపోయింది. కాగితాన్ని మళ్లీ నిదానంగా చదివినప్పుడు ‘వైర్‌లెస్’ అన్న శీర్షిక కింద ఉన్నది వేరని గమనించాను. చివరి జతలో ఒక్క అంకె తేడా. అది సరిచేయగానే 192.168.1.200 వచ్చింది.

రెండోది, పోర్టు మార్చాక కూడా మొదటి ప్రింటు రాలేదు. జాబితాలో ఉన్న మూడు పేర్లలో నేను ఒకదానికి పోర్టు మార్చి, వర్డ్‌లో ఇంకొకదానికి ప్రింటు ఇచ్చాను. పాతవి రెండూ తీసేసి ఒక్కటే ఉంచాను. డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్ తనంతట తాను మార్చే అమరికను కూడా ఆపాను.

మేడ మీది రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ అన్న మాట లేదు, అందుకని చేత్తోనే చేశాను. కేబుల్‌ను చివరన మార్చమన్న హెచ్చరిక లేకపోతే నేను మొదట కేబులే పీకి ఉండేదాన్ని. ఇప్పుడు చెల్లెలి ల్యాప్‌టాప్‌కు 192.168.1.22 వచ్చింది, ప్రింటర్ దానంతట అదే కనిపించింది. తను ముందుగా తన ప్రాజెక్టు నివేదిక, ముప్పై ఆరు పేజీలు ప్రింటు తీసుకుంది.

ఒక్కటి మిగిలింది. నా ల్యాప్‌టాప్‌లో స్కానింగ్ ప్రోగ్రామ్ తెరిస్తే ‘స్కానర్ కనబడలేదు’ అంటోంది. చెల్లెలికి మాత్రం స్కాన్ అవుతోంది.

గడపదీపం:

సిరాచుక్క గారూ, సంతోషం. స్కానింగ్ ప్రోగ్రామ్ విండోస్ పోర్టును చూడదు. మొదట ఎక్కించినప్పటి చిరునామాను అది తన దగ్గర వేరుగా రాసి పెట్టుకుంటుంది. మీ దగ్గర ఇంకా 192.168.1.9నే వెతుకుతూ ఉంటుంది. చెల్లెలు కొత్తగా కలిపారు కాబట్టి తనకు సరైనదే నమోదయింది. ఆ ప్రోగ్రామ్‌తో పాటు వచ్చే ‘స్కానర్ సెట్టింగ్స్’ లేదా ‘నెట్‌వర్క్ సెలక్షన్’ వంటి చోట పాత పేరును తీసి, 192.168.1.200 ఇచ్చి చూడండి. అలాంటి చోటు కనబడకపోతే విండోస్‌తో వచ్చే స్కాన్ యాప్‌ను తెరిచి ప్రయత్నించండి.

సిరాచుక్క:

దొరికింది. అందులో నిజంగానే 192.168.1.9 ఉంది. 200 ఇవ్వగానే నాన్నగారి పాత ఉత్తరం ఒకటి స్కాన్ అయి నా తెర మీదకు వచ్చింది.